తెరచాప పడవకు జీపీఎస్, లోతు మీటరు ఎలా ఎంచుకోవాలి: మానేరు, గోదావరి నీళ్లలో నడిపేవాళ్ల కోసం

"అన్నా, పడవకు ఏ జీపీఎస్ కొనమంటారు? ఏడంగుళాలదా, తొమ్మిదంగుళాలదా?" నెలకు ఇద్దరు ముగ్గురైనా ఈ ప్రశ్న అడుగుతున్నారు. హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకుని వరంగల్, కరీంనగర్ వచ్చాక సొంతంగా చిన్న పడవ కొనుక్కున్నవాళ్లే ఎక్కువ మంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

ముందే ఒక మాట. మన రిజర్వాయర్లలో దారి తప్పిపోవడం చాలా అరుదు. కట్ట కనిపిస్తుంది, గుట్టలు కనిపిస్తాయి. ప్రమాదమంతా నీటి కిందే ఉంటుంది: మునిగిపోయిన పాత రోడ్డు, పొలం గట్టు, తాటి మొద్దు, రాతి గోడ. కాబట్టి పడవ ఎక్కడుందో చూపే పరికరం కంటే, దాని కింద ఎంత నీరుందో చెప్పే పరికరమే మనకు ముందు కావాలి. నేను చెప్పే ఎంపిక క్రమమంతా ఈ లెక్కతోనే నడుస్తుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

- మీ పడవ కొలతలు. ముఖ్యంగా నీటి మట్టం నుంచి పడవ ఎంత లోతుకు దిగుతుంది, అంటే కీల్ (పడవ అడుగున కిందికి దిగి ఉండే రెక్క) చివరి వరకు ఎన్ని అడుగులు అన్నది.
- ఒక మల్టీమీటర్.
- 60 అడుగుల నైలాన్ తాడు, చివర అరకిలో బరువు. ప్రతి ఆరడుగులకు ఒక ముడి వేసి, మధ్యలో అడుగుకో రంగు దారం కట్టండి. మన జాలరులు బారల లెక్కన కొలుస్తారు. బార మనిషిని బట్టి మారుతుంది కాబట్టి ముడులు మాత్రం టేపుతో కొలిచే వేయండి.
- మామూలు దిక్సూచి, నోట్‌బుక్, పెన్సిల్. పెన్ను వద్దు, తడిస్తే సిరా కారిపోతుంది.
- ఎంతమంది ఎక్కితే అన్ని లైఫ్ జాకెట్లు.
- రిజర్వాయర్‌లో పడవ నడపడానికి నీటిపారుదల శాఖ అనుమతి. గేట్లు, తూముల దగ్గరకు ఏ పరికరం ఉన్నా వెళ్లకండి.

1. ఎక్కడ నడుపుతారో ముందు తేల్చుకోండి

కరీంనగర్ లోయర్ మానేరు, మిడ్ మానేరు, పోచంపాడు దగ్గరి శ్రీరాంసాగర్... వీటిలోనే తిరిగేవాళ్లకు చార్టులతో, అంటే నీటి పటాలతో, వచ్చే ఖరీదైన సెట్టు అక్కర్లేదు. డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు తయారుచేసే చార్టులు సముద్రానికి సంబంధించినవి. వాటిలో మన రిజర్వాయర్ల లోతులు ఉండవు. చార్ట్ ప్లాటర్ (చార్టు మీద పడవ ఉన్న చోటు చూపే తెర) కొని ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే మానేరు స్థానంలో ఖాళీ తెర కనిపిస్తుంది, లేదా ఒక నీలం మచ్చ. డబ్బు పెట్టాక ఇది తెలిసి బాధపడినవాళ్లను చూశాను.

ఏడాదికి ఒకసారైనా విశాఖ వైపు సముద్రంలో నడిపే ఉద్దేశం ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు ఆ తీరానికి చార్టు దొరికే సెట్టు కావాలి. కొనే ముందే అమ్మేవాళ్లతో మీ తీరం పటం తెర మీద తెరిపించి చూడండి. "కార్డు తర్వాత పంపిస్తాం" అన్న మాట మీద డబ్బు కట్టకండి. నేను ఒకసారి అలాగే వాడిన సెట్టు కొన్నాను, ఆ కార్డు ఇప్పటికీ రాలేదు.

2. మొదటి డబ్బు లోతు మీటరుకే

లోతు మీటరు, అంటే డెప్త్ సౌండర్, శబ్దాన్ని కిందికి పంపి అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు చెబుతుంది. మన నీళ్లకు 200 కిలోహెర్ట్జ్ రకం సరిపోతుంది. 50 కిలోహెర్ట్జ్ రకం లోతైన సముద్రానికి. చేపలు చూపించే ఫిష్ ఫైండర్ కూడా లోతు చెబుతుంది, కాబట్టి జీపీఎస్ కలిసి ఉన్న చిన్న ఫిష్ ఫైండర్ చాలామందికి ఒక్క దెబ్బతో రెండు పనులూ చేస్తుంది. బడ్జెట్ తక్కువైతే నా మొదటి సలహా అదే.

ట్రాన్స్‌డ్యూసర్, అంటే శబ్దాన్ని పంపి తిరిగి వినే ముక్క, ఎక్కడ బిగించాలన్నదే తలనొప్పి. అడుగున రంధ్రం చేయాలంటే ఎవరికైనా టెన్షనే. గట్టి ఫైబర్‌గ్లాస్ అడుగైతే లోపలి నుంచే ఎపాక్సీతో అతికించే రకం పనిచేస్తుంది. మధ్యలో ఫోమ్ గానీ చెక్క గానీ ఉన్న అడుగైతే పనిచేయదు. మీ పడవ ఏ రకమో తెలియకపోతే అతికించకముందే ఇలా చూడండి: పడవను నీళ్లలో ఉంచి, పలచని ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోసి, అందులో ట్రాన్స్‌డ్యూసర్ పెట్టి, సంచిని పడవ లోపల అడుగుకు ఆనించండి. లోతు నిలకడగా చూపిస్తే ఆ చోటు మంచిది. అంకెలు గెంతుతుంటే చోటు మార్చండి. అతికించేటప్పుడు ఎపాక్సీలో గాలి బుడగ ఒక్కటి మిగిలినా మీటరు తప్పు చెబుతుంది.

3. చోటు చూపే పరికరం: మూడు దారులు

ఫోన్. చాలామంది అనుకునేది ఏమిటంటే సిమ్ సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని. అది నిజం కాదు. ఫోన్ ఉపగ్రహాల నుంచి నేరుగా వింటుంది. నెట్ లేకపోతే మొదటిసారి చోటు పట్టడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే. పటం మాత్రం ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని బయల్దేరాలి. ఫోన్ అసలు బలహీనత ఎండ. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వేడిలోనే వాడమని దాన్ని చేసిన కంపెనీయే చెబుతుంది. రామగుండం, కరీంనగర్ వైపు ఏప్రిల్, మే నెలల వేడి మీకు చెప్పనక్కర్లేదు. మానేరు మధ్యలో నా ఫోన్ వేడెక్కి రెండుసార్లు దానంతట అదే ఆగిపోయింది. వాటర్‌ప్రూఫ్ సంచిలో పెడితే ఇంకా త్వరగా వేడెక్కుతుంది. తడి చేతి వేలికి తెర సరిగా స్పందించదు కూడా.

చేతిలో పట్టుకునే జీపీఎస్. తెర చిన్నదే, కానీ బటన్లు ఉంటాయి, ఎండలో బాగా కనిపిస్తుంది. గార్మిన్ ఈట్రెక్స్ లాంటి వాటిలో చాలా మోడళ్లు రెండు పెన్సిల్ సెల్స్‌తో రోజంతా నడుస్తాయి. ఆ సెల్స్ ఏ ఊరి కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. రిజర్వాయర్‌లో నడిపేవాళ్లకు నేను ధైర్యంగా చెప్పేది: లోతు మీటరు, చేతి జీపీఎస్, జేబులో ఫోన్. ఈ మూడూ ఉంటే చాలు.

బిగించిన చార్ట్ ప్లాటర్. సముద్రానికి వెళ్లేవాళ్లకు, క్యాబిన్ ఉన్న పడవకు ఇది. పాత ల్యాప్‌టాప్ ఉంటే ఓపెన్‌సీపీఎన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, యూఎస్‌బీ జీపీఎస్ తగిలించి దాదాపు అదే పని చేయించుకోవచ్చు. కానీ తెరిచి ఉన్న పడవలో ల్యాప్‌టాప్ నిలవదు. క్యాబిన్‌లో, ఇంట్లో ప్లాన్ వేసుకోవడానికి మాత్రం నాకు అంతకంటే మంచిది తెలియదు.

ఒక హెచ్చరిక. ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే, ఎస్‌ఓఎస్ నొక్కే చేతి పరికరాలు విదేశాల నుంచి బంధువులు తెచ్చిస్తామంటారు. టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో వాటిని ఉంచుకోవడం, వాడటం నేరమవుతుంది. ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు. సంకేతాలు వినడమే తప్ప ఏమీ పంపని మామూలు జీపీఎస్‌కు ఈ ఇబ్బంది లేదు. పెట్టె మీద మోడల్ పేరు సరిగ్గా చదివి తెప్పించుకోండి, ఒకే కంపెనీ రెండు రకాలూ చేస్తుంది.

4. డబ్బు కట్టే ముందు ఎండలోకి తీసుకెళ్లండి

కొట్లో ఏసీ గదిలో ప్రతి తెరా మెరుస్తుంది. మధ్యాహ్నం పన్నెండుకు బయట పెట్టి చూడండి. మీ కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని చూడండి. పోలరైజ్డ్ అద్దాలైతే కొన్ని తెరలు ఒక కోణంలో నల్లగా అయిపోతాయి. తెరను అడ్డంగా, నిలువుగా తిప్పి చూస్తే తెలుస్తుంది. తర్వాత వేళ్లు తడిపి నొక్కండి.

ఐపీఎక్స్7 అని రాసి ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని అర్థం. అంతకంటే తక్కువది తీసుకోకండి. ఆన్‌లైన్‌లో కొంటే ఈ పరీక్షలు కుదరవు కాబట్టి వెనక్కి ఇచ్చే గడువు లోపలే ఇంటి డాబా మీద ఇవన్నీ చేసేయండి.

5. కరెంటు లెక్క

మాన్యువల్‌లో ఒక్కో పరికరం ఎన్ని ఆంపియర్లు తింటుందో ఉంటుంది. ఉదాహరణకు ప్లాటర్ 1, లోతు మీటరు 0.2, ఫోన్ ఛార్జింగ్ 0.5 అనుకోండి. మొత్తం 1.7. ఆరు గంటలు నడిపితే 10 ఆంపియర్ అవర్లు దాటుతుంది. లెడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది కాబట్టి 20కి పైన ఉన్నది కావాలి.

యూపీఎస్‌లో ఉండే 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ పెట్టి "సెట్టు రెండు గంటలకే ఆగిపోతోంది" అని అడిగేవాళ్లు ఎక్కువ. ఆ బ్యాటరీ నుంచి మీకు నిజంగా దక్కేది మూడున్నరే. బైకు బ్యాటరీ కూడా వద్దు. అది బండి స్టార్ట్ చేయడానికి చేసింది, గంటల తరబడి నెమ్మదిగా వాడుకోవడానికి కాదు.

బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజ్ తప్పనిసరి. బ్యాటరీకి ఏమీ కలపకుండా కాసేపు ఉంచి మల్టీమీటర్‌తో చూడండి: 12.7 వోల్టులంటే నిండుగా ఉంది, 12.2 చుట్టూ ఉంటే సగానికి వచ్చింది. తర్వాత అన్నీ ఆన్ చేసి పరికరం దగ్గర వోల్టేజీ చూడండి. బ్యాటరీ దగ్గరికీ అక్కడికీ అర వోల్టుకు పైగా తేడా ఉంటే వైరు సన్నగా ఉన్నట్టు, లేదా జాయింట్ సరిగా లేనట్టు.

ప్లాటరు, లోతు మీటరు, గాలి మీటరు వేర్వేరుగా కొంటున్నవాళ్లు అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయా అని అడగండి. పరికరాలను కలిపే పద్ధతుల్లో ఎన్‌ఎంఈఏ 0183, ఎన్‌ఎంఈఏ 2000 అని రెండు రకాలున్నాయి. నేరుగా కలవవు, మధ్యలో కన్వర్టర్ కావాలి. 2000 రకమైతే ప్రధాన కేబుల్ రెండు చివర్లా 120 ఓమ్‌ల టెర్మినేటర్లు (చివర బిగించే నిరోధకాలు) ఉండాలి. పవర్ ఆపి కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వచ్చిందంటే ఒక చివర టెర్మినేటర్ లేదు.

6. మీ పటం మీరే గీసుకోండి

ఇది ఏ కొట్లోనూ దొరకదు. అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ దీనిపైనే పెట్టండి.

నాకు ఈ పద్ధతి నేర్పింది ఒక జాలరి. మానేరులో పాత గట్టుకు నా కీల్ గీసుకున్న రోజు, తన తెప్ప పక్కకు తెచ్చి, "గీడ పాత రోడ్డు ఉంటది బిడ్డా, నీళ్లు తొమ్మిదొందల అడుగులకు దిగితె తేలుతది" అన్నాడు. లోతు ఎంత అని ఆయన చెప్పలేదు. ఆ రోడ్డు ఏ మట్టంలో ఉందో చెప్పాడు. అసలు కీలకం అక్కడే ఉంది.

రిజర్వాయర్‌లో నీటి మట్టం నెలనెలా మారుతుంది. లోయర్ మానేరు పూర్తి మట్టం 920 అడుగులు, శ్రీరాంసాగర్‌ది 1091 అడుగులు. ఇవి నీటి లోతులు కావు, సముద్ర మట్టం నుంచి లెక్కించే ఎత్తులు. ఎండాకాలానికి అవి ఎంతో దిగిపోతాయి. కాబట్టి "ఇక్కడ 13 అడుగుల లోతు" అని రాసుకుంటే రెండు నెలల తర్వాత ఆ అంకె మిమ్మల్ని మోసం చేస్తుంది. ఇలా రాసుకోండి:

ఆ రోజు రిజర్వాయర్ మట్టం 905 అడుగులు. మీరు కొలిచిన లోతు 13 అడుగులు. 905 లోంచి 13 తీసేస్తే 892. అంటే అక్కడ నేల 892 అడుగుల మట్టంలో ఉంది. ఈ 892నే జీపీఎస్‌లో ఆ గుర్తుకు పేరుగా పెట్టండి. తర్వాత ఏ రోజైనా ఆనాటి మట్టంలోంచి 892 తీసేస్తే ఆనాటి లోతు వస్తుంది. మట్టం 896కు దిగితే మిగిలేది 4 అడుగులే. మీ కీల్ మూడున్నర అడుగులైతే అటు వెళ్లకూడదు. ఆనాటి మట్టం స్థానిక పేపర్లలో వస్తుంది, డ్యామ్ దగ్గర గేజీ మీద కూడా ఉంటుంది.

ఈ లెక్కకు కావలసింది నీటి పైభాగం నుంచి కొలిచిన లోతు. ట్రాన్స్‌డ్యూసర్ నీటి పైభాగానికి ఒక అడుగు కింద ఉంటే మీటరు చూపిన అంకెకు ఆ ఒక అడుగు కలపాలి.

రెండో పని ఇంట్లో కూర్చుని చేయండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఫొటోలు చూసే వీలుంది. నీళ్లు బాగా దిగిపోయిన ఏప్రిల్, మే, జూన్ నెలల ఫొటో వెతకండి. మిడ్ మానేరు లాంటి చోట్ల రిజర్వాయర్ నిండక ముందటి ఫొటోలు చూస్తే ఊళ్లు, రోడ్లు, గట్లు స్పష్టంగా కనిపిస్తాయి. వాటి మీద గీతలు గీసి ఫైలుగా దాచుకుని, జీపీఎక్స్ (జీపీఎస్ పరికరాలు చదివే ఫైలు) రూపంలోకి మార్చి పరికరంలో వేసుకోండి. తర్వాత ఒడ్డున చేపలు పట్టేవాళ్లను, "కాకా, ఎండాకాలం ఇక్కడ ఏం తేలుతది?" అని అడగండి. వాళ్లు చెప్పేది ఏ ఉపగ్రహ ఫొటోలోనూ ఉండదు. వలలకు కట్టే థర్మకోల్ ముక్కలు ఎక్కడ వేస్తారో కూడా అప్పుడే తెలుస్తుంది. వాళ్ల బతుకుదెరువు ఆ వలలే కాబట్టి దూరంగా తిరిగి వెళ్లడం మన బాధ్యత.

పాత టోపో షీట్లు (నేల ఎత్తుపల్లాలు చూపే పటాలు) చూసి గుర్తులు తీసుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. వాటిలో ఎవరెస్ట్ డేటమ్ అనే పాత లెక్క ఉంటుంది, జీపీఎస్‌లో డబ్ల్యూజీఎస్ 84 ఉంటుంది. మార్చకుండా ఎక్కిస్తే గుర్తు వంద మీటర్లకు పైగా పక్కకు పోతుంది.

7. సెట్టింగులు

ఆఫ్‌సెట్ (మీటరు అంకెకు కలపాల్సిన లేదా తీసేయాల్సిన తేడా): కీల్ ట్రాన్స్‌డ్యూసర్ కంటే రెండున్నర అడుగులు కిందికి ఉంటే, మీటరు ఆరడుగులు చూపినప్పుడు కీల్ కింద మిగిలింది మూడున్నరే. మీటరు ఏ లోతు చూపాలో ఒకటే ఎంచుకుని, పడవ నడిపే అందరికీ చెప్పండి. తక్కువ లోతు అలారం ఆన్ చేసి, కీల్ కింద కనీసం మూడడుగులు ఉండగానే మోగేలా పెట్టండి.

అక్షాంశ రేఖాంశాల రాత: ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. 18°24.500′ వేరు, 18°24′50″ వేరు. చూడటానికి ఒకేలా ఉన్నా వాటి మధ్య తేడా 600 మీటర్లకు పైనే. ఫోన్ 18.40833 అని చూపిస్తే అది మొదటిదే, ఇంకో రూపంలో. మీ జట్టులో అందరూ ఒకే రూపం వాడండి.

ఎస్‌బీఏఎస్ లేదా డబ్ల్యూఏఏఎస్ అన్న ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. మన దేశంలో ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి పెట్టిన గగన్ సంకేతాన్ని వాడుకునే పరికరాలకు కాస్త కచ్చితత్వం పెరుగుతుంది. దిక్సూచికి ఫోనూ స్పీకరూ కనీసం రెండడుగుల దూరంలో ఉంచండి.

8. నీటి మీద పరీక్షలు

గాలి తక్కువగా ఉన్న ఉదయం, చివరి పరీక్ష తప్ప మిగతావి ఒడ్డుకు దగ్గరగా, ఇంకొకరిని తోడు పెట్టుకుని చేయండి.

నిలకడ: పడవను ఒడ్డున కట్టి పది నిమిషాలు ట్రాక్ నమోదు చేయండి. గీతలన్నీ నాలుగైదు మీటర్ల లోపల ముద్దగా ఉంటే సరే. పది పదిహేను మీటర్లు పరుగెడుతుంటే పరికరానికి ఆకాశం సరిగా కనిపించడం లేదు, చోటు మార్చండి.

లోతు: మూడు చోట్ల తాడు వేసి మీటరుతో పోల్చండి. అడుగు లోపు తేడా పర్వాలేదు. మూడు చోట్లా ఒకే తేడా వస్తే ఆఫ్‌సెట్ తప్పు. ఒక్కోచోట ఒక్కోలా వస్తే బిగింపు తప్పు. నాచు దట్టంగా ఉన్నచోట మీటరు నాచు పైభాగాన్నే నేలగా చూపించవచ్చు, అక్కడ తాడునే నమ్మండి.

దిక్కు: జీపీఎస్ బాణం పడవ ముక్కు ఎటుందో చెప్పదు, పడవ ఎటు కదులుతోందో చెబుతుంది. నిలబడి ఉంటే ఆ బాణానికి అర్థం లేదు. గాలి పక్క నుంచి కొడుతున్నప్పుడు తెరచాప పడవ కొంచెం పక్కకు జరుగుతూ పోతుంది, కాబట్టి దిక్సూచికీ జీపీఎస్‌కూ తేడా రావడం సహజం. దాన్ని పరికరం లోపమని వెనక్కి పంపకండి. గాలి లేనప్పుడు తెడ్డుతో గానీ మోటారుతో గానీ నేరుగా వెళ్లి పోల్చండి. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే, కాబట్టి రెండూ దాదాపు కలవాలి.

సమయం: "ఇంకో నలభై నిమిషాలు" అని తెర చెప్పేది నేరుగా వెళ్తే. గాలికి ఎదురుగా వెళ్లాలంటే 45 డిగ్రీల చొప్పున అటూ ఇటూ మలుపులు తిరగాలి. 4 కిలోమీటర్ల దూరం 5.5 కిలోమీటర్లు దాటుతుంది. సాయంత్రం వెలుగు ఉండగానే తిరిగి రావాలంటే ఆ లెక్కతోనే బయల్దేరండి. అలాగే గుర్తు నుంచి గుర్తుకు తెర గీసే తిన్నని గీత మధ్యలో దిబ్బ ఉందో లేదో చూడదు. లక్నవరం లాంటి దీవులున్న చెరువుల్లో ఆ గీత నేల మీదుగా కూడా పోతుంది.

చివరి పరీక్ష ఫ్యూజ్ తీసేయడం. ఒడ్డుకు కిలోమీటరు దూరంలో, అన్ని తెరలూ ఆరిపోయాక, దిక్సూచి, తాడు, నోట్‌బుక్‌తో తిరిగి రండి. నోట్‌బుక్‌లో బయల్దేరిన దిక్కు, దాటిన లోతులు రాసి ఉంటేనే ఇది కుదురుతుంది. కుదరకపోతే ఫ్యూజ్ మళ్లీ పెట్టి ఇంటికి వచ్చి, వచ్చే వారం రాసుకుంటూ వెళ్లి మళ్లీ చేయండి.